ఎండ కాసిందని రాయండి

మొదట చప్పుడు వచ్చింది. మనిషి తర్వాత వచ్చాడు.

ఓర్మ్‌డేల్ లోయలో నేను మొదటిసారి అడుగుపెట్టింది పునీత మార్టిన్ పండుగ ఉదయాన, చలికాలం మొదట్లో. గాడిద మీద నా ప్రార్థన పుస్తకం, రెండు కంబళ్ళు. ముందు గామెల్ నడుస్తున్నాడు. లోయ దొరగారి దగ్గర పెత్తనం చేసే మనిషి. అక్కడి క్రీస్తు గుడికి కొత్త గురువుగా నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. కొండలు ఇంకా పొగమంచు కప్పుకుని పడుకున్నాయి. ఆ మంచులోంచి వినబడింది, పొడుగాటి, తడిసిన, అంచు చిరిగిన ధ్వని. మధ్యలో ఆగింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదలైంది.

"ఎవరిదో దూడ బురదలో దిగబడినట్టుంది," అన్నాను.

గామెల్ వెనక్కి తిరగలేదు. "దూడ కాదు గురువుగారూ. మా దొర."

ఆ ధ్వని మూడుసార్లు వచ్చింది. మూడోది కొండ అంచున తెగిపోయాక, లోయ అవతలి కొస నుంచి, చాలా దూరంలో, ఎవరో ఇనుప మూతని గరిటెతో కొట్టినట్టు వినబడింది. గామెల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయిపోయింది. ఇంకో ఏడాది ఈ నేల మాది."

అప్పుడు చెప్పాడు. దొరగారి ముత్తాతకి ఈ లోయ ఇచ్చిన రాజు పత్రం రాసివ్వలేదట. నడుముకున్న ఎద్దుకొమ్ము విప్పి ఇచ్చాడట. ఉత్తరాన సరిహద్దు అవతల ఉండే స్కాట్లు గొడ్ల మీద పడటానికి వస్తే, ఆ కొమ్ము ఊది లోయని లేపాలి. నేలకి అదే శిస్తు. ఏడాదికోసారి ఈ పండుగ రోజున దొర స్వయంగా కాకిబండ ఎక్కి మూడుసార్లు ఊదాలి. లోయ చివరింట్లో ఉన్న గున్నిల్డ్ అవ్వ విని మూత కొట్టాలి. ఆవిడకి వినబడకపోతే కొమ్ము చచ్చినట్టు. శత్రువు రాకుండా ఊదినా చచ్చినట్టే. కొమ్ము చస్తే నేల రాజుగారికి వెనక్కి పోతుంది.

"మరి ఇంత నీరసంగా ఊదుతారేం?"

"ముందు పళ్ళు నాలుగు లేవు. పై పెదవి రెండుగా చీలి అతికింది. ఆ నోటితో మీరు ఊది చూడండి."

మంచులోంచి ఒక పొట్టి మనిషి దిగివచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. అతుకులేసిన తోలు చొక్కా. నడుముకి పాత కత్తి, మెడలో కొమ్ము. యాభై దాటిన ముఖం. అందులో కళ్ళు మాత్రం వాగునీళ్ళలో గులకరాళ్ళలా శుభ్రంగా ఉన్నాయి. ఆయనే సర్ ఐవో.

"కొత్త గురువువా? వినబడిందా?"

"వినబడింది దొరా."

"ఎలా ఉంది?"

నేను నసిగాను. గామెల్ చాడీ చెప్పాడు. "దూడ బురదలో దిగబడినట్టుందన్నారు దొరా."

సర్ ఐవో చీలిన పెదవి మెల్లగా విడిపోయింది. నవ్వని నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. "పోయినేడు ఆవు ఈనలేక అరుస్తున్నట్టుందన్నారు. ఈ ఏటికి దూడ పుట్టిందన్నమాట. మంచి శకునం. పద, జావ తాగుదాం."

*

ఆయన ఇంటికి ఎదురెదురుగా రెండు తలుపులుండేవి, ఆ కొండసీమలో అన్ని ఇళ్ళకీ ఉన్నట్టే. గాలి వీచే వైపు తలుపు మూసి, రెండోదాన్ని తీసుకుంటారు అందరూ. ఈయన రెండూ తీసే ఉంచేవాడు, చలికాలంలో కూడా. గాలీ వానా కోళ్ళూ ఒక తలుపులోంచి వచ్చి రెండో తలుపులోంచి వెళ్ళిపోయేవి.

"ఇది ఇల్లు కాదు గురువుగారూ, వంతెన," అనేది దొరసాని ఇడోనియా, కదురు తిప్పుతూ. "నేను వంతెన మీద కాపురం చేస్తున్నాను."

"వంతెన మీదుంటే రెండు ఒడ్లూ కనబడతాయి," అనేవాడాయన.

ఆయన కథ నాకు ఆ ఈదురుగాలిలోనే తెలిసింది, ముక్కలు ముక్కలుగా. పదహారేళ్ళకి ఒక పెద్ద దొర డాలు మోసుకుంటూ వేల్స్ కొండలకి వెళ్ళాడు. ఇరవైనాలుగేళ్ళకి, సముద్రం దాటిన ఒక బురదపొలంలో, ఆయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి భుజం మీద కత్తి తట్టి యోధుడన్నారు. "బురదలో కూర్చోబెట్టారు. లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది," అని చెప్పాడు నాతో. ఆయన యుద్ధాల్లో కత్తులకంటే చెప్పులెక్కువ కనబడేవి. తడిసిన చెప్పులు, చచ్చినవాళ్ళ కాళ్ళ నుంచి ఊడబీకిన చెప్పులు, ఉడకబెట్టుకుని తిన్న చెప్పులు. మధ్యలో ఇంటికి వచ్చి ఇడోనియాని పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ గుడి వెనక గడ్డి కింద ఉన్నారు. ఆ గడ్డి మీద గొర్రెల్ని మేపనిచ్చేవాడు కాదు; తనే కొడవలితో కోసేవాడు.

పళ్ళ సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు. బన్నాక్ వాగు దగ్గర రాజుగారి సేన చెల్లాచెదరైన రోజు. స్కాట్ల ఈటెలు ముందు అడవిలా నిలబడ్డాయి. వెనక మన విలుకాళ్ళు. ముందేముందో కనబడక గుడ్డిగా వేస్తున్నారు. బాణాలు మనవాళ్ళ వీపుల్లోనే దిగుతున్నాయి.

"ఆపండ్రా అని చెప్పడానికి వెనక్కి తిరిగాను. నోరు తెరిచాను. అంతే." జావగిన్నె కింద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళు ఎదుటివాడి దెబ్బకి డాలు పట్టాను గురువూ. పళ్ళు మాత్రం మనవాడికే ఇచ్చుకున్నాను."

ఆ గాయం మానాక ఒక చలికాలమంతా పశువులకొట్టంలో కూర్చుని కొమ్ము ఊదడం మళ్ళీ నేర్చుకున్నాడట. గాలి చీలికలోంచి జారిపోయేది. దొరసాని తేనెమైనం వెచ్చచేసి ఆ చీలికని పూడ్చేది. నోటి ఎడమ మూల నుంచి ఊదడం పట్టుబడేసరికి ఆవులు పాలివ్వడం మానేశాయని గామెల్ అంటాడు.

*

తర్వాత వానలు. మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆకాశం మా మీద నానిన కంబళిలా వేలాడింది. బార్లీ కంకిలోనే మొలకెత్తింది. గోడల్లోంచి నీళ్ళూరాయి. వారానికొకరిని పాతిపెట్టాను, తవ్విన గొయ్యిలో మనిషికంటే ముందు నీళ్ళు పడుకునేవి.

స్కాట్లు ఒకసారి వచ్చారు. దొర కొమ్ము విని జనం గొడ్లని పైకొండల లోయల్లోకి తోలుకుపోయారు. వాళ్ళు గడ్డివాములు తగలబెట్టి వెళ్ళారు. రాజుగారి మనుషులు రెండుసార్లు వచ్చారు. పట్నంలో కోటని కాస్తున్న సైన్యానికి తిండి సేకరించే అధికారి హామో, ఇరవైమంది, బళ్ళు. వాళ్ళు తగలబెట్టలేదు. మర్యాదగా తీసుకుపోయారు. తీసుకున్నదానికి గుర్తుగా గాట్లు పెట్టిన పుల్లలిచ్చారు. ఆ పుల్లలకి ఎవరూ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు.

మూడో వసంతానికి లోయలో మిగిలింది పద్నాలుగు దున్నే ఎద్దులు, ఇరవై పాడావులు. అవి పోతే దున్నడం లేదు. దున్నకపోతే ఇక ఎవరూ లేరు.

ఈస్టర్ పండుగైన రెండో వారంలో ఒక రోజు పొద్దున్నే ఎండ కాసింది. మామూలు ఎండ కాదు. ఆకాశం మొత్తం కడిగి ఆరేసినట్టుంది. గుడి మెట్ల మీద నా నీడ చూసి ఎవరో వచ్చారనుకున్నాను. దొరసాని ఇంట్లో ఉన్న ప్రతి దుప్పటీ తెచ్చి గోడ మీద పరిచింది. నేనూ దొరా కాకిబండ మీద కూర్చుని, మొహాలు ఎండకిచ్చాం.

దక్షిణం దారిలో, వంతెన దగ్గర, గుర్రాలు కదిలాయి.

"రాజుగారి జెండా దొరా," అన్నాను.

"చూస్తున్నాను."

"ముందున్నది హామో."

"ఎడమకాలు చాపి కూర్చున్నాడు. మోకాలి నొప్పి తగ్గలేదు పాపం. వెనక తొమ్మిది బళ్ళు. ఖాళీవి."

మెడలో కొమ్ము తీశాడు. జేబులోంచి తేనెమైనం తీసి అరచేతిలో నలపడం మొదలుపెట్టాడు.

"స్కాట్లు కాదు దొరా," అన్నాను మళ్ళీ. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

"నువ్వు కాసేపు చెవులు మూసుకో గురువూ."

ఊదాడు. ఆ చిరిగిన, తడిసిన ధ్వని ఎండలో లోయంతా పాకింది. కింద పాలు పితుకుతున్నవాళ్ళు చెంబులు వదిలేశారు. నాగళ్ళ నుంచి ఎద్దులు విడిపోయాయి. ఎవరూ ఎందుకని అడగలేదు, ఎటువైపని చూడలేదు. హామో వంతెన దాటి లోయ చివరికి వచ్చేసరికి ప్రతి కొట్టమూ ఖాళీ. ఒక్క గున్నిల్డ్ అవ్వ తన గుమ్మంలో పొయ్యి పెట్టుకుని జావ కలుపుతోంది.

"గొడ్లేవి ముసలమ్మా?"

"ఏ గొడ్లు బాబూ?"

"కొట్టంలో పేడ ఇంకా వేడిగా ఉంది."

"నాదేమో బాబూ. పెద్దదాన్నైపోయాను, ఆపుకోలేను."

హామో ఆవిడ చేతిలో ఉన్నది చూశాడు. "అది రాజుగారి పుల్ల."

"అవును బాబూ. పోయినసారి నువ్విచ్చిందే. మంచి చెక్క, జావ అంటుకోదు."

అప్పటికి దొర బండ దిగివచ్చాడు. హామో గుర్రం మీద నుంచే అడిగాడు.

"కొమ్ము ఊదిందెవరు?"

"నేనే."

"స్కాట్లు వచ్చారా?"

"రాలేదు."

"మరి?"

"గొడ్లని తోలుకుపోయేవాళ్ళు వచ్చారు. ఊదాను."

హామో ఎడమ మోకాలు నిమురుకున్నాడు. నిజానికి చెడ్డవాడు కాదు. పట్నంలో పస్తులున్న సైనికులు వాడి కోసం ఎదురుచూస్తున్నారు. "ఈ మాట న్యాయాధికారి ముందు కూడా ఇలాగే చెప్తావా సర్ ఐవో?" అన్నాడు.

"ఇంకోలా చెప్పడానికి పళ్ళు లేవు."

*

న్యాయాధికారి దగ్గర నుంచి పిలుపు వచ్చింది. శత్రువు రాకుండా, అందులోనూ రాజుగారి మనుషుల మీదనే కొమ్ము ఊదాడని. ఇరుగుపొరుగు ఊళ్ళ నుంచి పన్నెండుమంది ప్రమాణం చేసి, ఆ రోజేం జరిగిందో చెప్పాలి.

ఆ పన్నెండుమందీ విచారణకి ముందురోజు మధ్యాహ్నం దొర ఇంటికి వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళకి పెద్ద, ఉట్రెడ్ అనే పొరుగు రైతు. బీరు లేదు, దొరసాని వేణ్ణీళ్ళు పోసింది.

"మేం మాట్లాడుకున్నాం దొరా," అన్నాడు ఉట్రెడ్. "ఆ రోజు పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. మంచులో గుర్రాల చప్పుడు విని స్కాట్లనుకున్నారు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. పన్నెండుగురం ఒకటే మాట."

"ఆ రోజు మా ఆవిడ దుప్పట్లు ఆరేసింది ఉట్రెడ్."

"మంచులో ఆరేసింది."

"నీ బట్టతల ఎండకి కమిలిపోయి వారంరోజులు వెన్న రాసుకున్నావు."

బెంచీల మీద నవ్వు లేచి, తనంతట తనే ఆగిపోయింది. గామెల్ గొంతు సవరించుకున్నాడు. "గురువుగారు కూడా పక్కనే ఉన్నారు కదా. మంచు ఆయన కూడా చూశారు." అందరూ నావైపు తిరిగారు.

నేను తలూపాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఊపాను. పద్నాలుగు ఎద్దులు, ఆ ఏడు దున్నిన నేల, గుడి వెనక ముగ్గురు పిల్లలు. ఇన్నిటి ముందు కొంచెం మంచు ఎంత?

దొరసాని అంది.

"మంచని చెప్పు ఐవో." ఆవిడ కదురు ఆగిపోయింది. "నిన్ను నేనెప్పుడూ ఏదీ అడగలేదు. పిల్లలక్కడున్నారు. వాళ్ళని వదిలి నేనెక్కడికి పోను?"

ఆయన లేచి ఒక తలుపు దాకా నడిచాడు. వెనక్కి వచ్చి, రెండో తలుపు దాకా నడిచాడు.

"నా కళ్ళు మోసం చేశాయని చెప్తే రాజు వదిలేస్తాడు. నిజమే. మరుసటి ఏడు స్కాట్లు వస్తారు. నేను ఊదుతాను. అప్పుడు ఉట్రెడ్ పాలచెంబు పట్టుకుని ఏమనుకుంటాడు? ముసలాడికి మళ్ళీ మంచు కమ్మిందేమో, ఈ ఆవుకి పాలు తీసేసి చూద్దాం అనుకుంటాడు. ఆ కాసేపు చాలు ఇడోనియా, ఊరు ఊరంతా పోవడానికి. ఈ ఇల్లు పోతే ఇల్లు పోతుంది. ఆ కొమ్ము మాట పోతే ఏం మిగిలింది? ఎద్దుకొమ్ము."

ఒక కోడి ఒక తలుపులోంచి వచ్చి, మా అందరినీ చూసి, రెండో తలుపులోంచి వెళ్ళిపోయింది.

"ఆ కోడి నాది," అంది దొరసాని చివరికి. "ఇల్లు పోయినా అది నాతోనే వస్తుంది." మళ్ళీ కదురు తిప్పడం మొదలుపెట్టింది. కానీ దారం మాటిమాటికీ తెగింది.

*

న్యాయాధికారి సర్ వారిన్ పొడుగాటి, అలసిపోయిన మనిషి. చలికి చేతులు చొక్కాలో దాచుకుని అడిగాడు. "ఓర్మ్‌డేల్‌ని ఏ పత్రం వల్ల అనుభవిస్తున్నావు?"

దొర కొమ్ము తీసి బల్ల మీద పెట్టాడు.

"రాత ఏదీ లేదా?"

"ఊదితే వినబడుతుంది దొరవారూ. రాతకి ఆ గుణం లేదు."

రాసుకుంటున్న గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. సర్ వారిన్ ఆపుకోలేదు. ఆయన కూడా బన్నాక్ వాగు దగ్గరున్నవాడేనని ఎవరో చెప్పారు తర్వాత. ఆ చీలిన పెదవి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ కొండల్లో వసంతకాలంలో మంచు బాగా పడుతుందని విన్నాను సర్ ఐవో. మంచులో ఎవరైనా పొరబడతారు. ఈ పన్నెండుమందీ అదే చెప్పేలా ఉన్నారు. నువ్వు కూడా చెప్తే, నేను మధ్యాహ్నం భోజనానికి వెళ్తాను."

ఉట్రెడ్ అప్పటికే చెయ్యి సువార్త పుస్తకం మీద పెట్టడానికి ముందుకు వచ్చాడు. దొర ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టాడు, చంటిబిడ్డ చేతిని నిప్పు నుంచి తీసినట్టు.

"వీళ్ళ ఆత్మలు వీళ్ళ దగ్గరే ఉండనివ్వండి. మంచు లేదు. ఎండ కాసింది. మీ జెండా చూశాను. జెండా మీద సింహాల గోళ్ళు కూడా చూశాను. ఎవరొస్తున్నారో తెలిసే ఊదాను. మళ్ళీ వస్తే మళ్ళీ ఊదుతాను."

"రాజు మీదా?"

"రాజుగారి కోసం ముప్ఫై ఏళ్ళు బురదలో నడిచాను. ఆయన పిలిస్తే ఈ నోటితోనే మళ్ళీ వస్తాను. కానీ ఆ పద్నాలుగు ఎద్దులూ యుద్ధానికి రామని చెప్పమన్నాయి."

సర్ వారిన్ ఈసారి నవ్వలేదు. తీర్పు చాలా చిన్నది. నేలా, ఇల్లూ, కొమ్మూ రాజుగారికి. ఆ సేవ ఇకనుంచి హామో చేస్తాడు.

దొర మెడలోంచి తాడు కూడా తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు.

"మీ తోలు చుట్టలో ఒక్క మాట రాయండి. ఎండ కాసిందని రాయండి."

గుమాస్తా న్యాయాధికారి వైపు చూశాడు. సర్ వారిన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "రాయి," అన్నాడు. రాశాడు. నేను వెనక నుంచి చూశాను. ఆ పొడుగాటి తోలు చుట్టలో, అప్పులూ హత్యలూ సరిహద్దు తగాదాల మధ్య, ఒక చిన్న వాక్యంలో, ఇప్పటికీ ఎండ కాస్తూనే ఉంటుంది.

*

గున్నిల్డ్ అవ్వ ఇంటి పక్కన, లోయ చివర, మట్టిపెళ్లలతో ఒక గుడిసె కట్టుకున్నారు దొరా దొరసానీ. దానికి కూడా ఎదురెదురుగా రెండు తలుపులు. కోడి ముందు వెళ్ళింది.

పునీత మార్టిన్ పండుగ వచ్చింది. హామో కాకిబండ ఎక్కి ఊదాడు. ముప్ఫైరెండు పళ్ళున్న నోరు. వెండితీగ సాగినట్టు ఎంత శ్రావ్యంగా వచ్చిందో. మూడుసార్లు. కొండలు మూడుసార్లు తిరిగి చెప్పాయి. తర్వాత నిశ్శబ్దం. లోయ చివర నుంచి మూత మోగలేదు.

హామో మధ్యాహ్నానికి గుర్రం మీద వచ్చాడు. "వినబడలేదా?"

"ఏంటి బాబూ?" అంది గున్నిల్డ్ అవ్వ.

"కొమ్ము."

"దుమ్మా? తుడుస్తాన్లే బాబూ, నడుం నొప్పిగా ఉంది."

పక్కనే కట్టెలు కొడుతున్న దొర గొడ్డలి కింద పెట్టాడు. "అవ్వా, ఇది బాగాలేదు. వినబడింది నీకు."

"నువ్వూరుకో దొరా. నీ ఎండ నీది, నా చెవులు నావి."

నేల ఎలాగూ రాజుగారిదే కాబట్టి, మూత మోగకపోయినా కొమ్ము హామో దగ్గరే ఉండిపోయింది. తర్వాతి వేసవిలో, ఒక సాయంత్రం, హామో కొమ్ము మళ్ళీ మోగింది. పండుగ కాదు. జనం కళ్ళాల్లో నిలబడిపోయారు. ఎవరూ కదల్లేదు. అందరి మొహాలూ లోయ చివర గుడిసె వైపు తిరిగాయి. నేను ఆ గుడిసె ముందే ఉన్నాను. దొర నిచ్చెన వేసి కప్పు ఎక్కాడు. ఉత్తరం కనుమలో పొగ. పొగ కింద నల్లటి కదలిక.

"నిజమే ఊదుతున్నాడు," అన్నాడు. రెండు చేతులూ దోసిలి చేసి నోటికి పెట్టుకున్నాడు. కొమ్ము లేదు, మైనం లేదు. ఆ విరిగిన నోటిలోంచే వచ్చింది ఆ ధ్వని, బురదలో దిగబడిన దూడలా. గున్నిల్డ్ అవ్వ చేతిలో మూత దానంతట అదే మోగినట్టు మోగింది. లోయ ఒక్కసారిగా లేచింది. పద్నాలుగు ఎద్దులూ బతికాయి. మనుషులు కూడా.

రెండు రోజులు వానలో కొండమీద గొడ్ల మధ్య గడిపి వచ్చాక దొరకి దగ్గు పట్టుకుంది. మంచం మీద కూర్చుని నాతో అన్నాడు. "స్కాట్లు బాణం వేసే దూరానికి వచ్చేదాకా హామో బండ దిగలేదు. అది కూడా ఎక్కడైనా రాయి గురువూ. వాడు నిజం ఊదాడు."

రాశాను. ఇదిగో ఇక్కడే.

*

ఆ చలికాలం దగ్గు ఛాతీలోకి దిగి తిరిగి పైకి రాలేదు. ఒక ఉదయం నేను చివరి ఘడియల్లో రాసే పవిత్ర తైలంతో వెళ్ళేసరికి హామో గుడిసెలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక తోలుపత్రం.

"చదవండి గురువుగారూ," అన్నాడు. చదివాను. సర్ వారిన్ పంపింది. ఆనాడు పొగమంచు ఉందని సర్ ఐవో ఇప్పటికైనా జ్ఞాపకం తెచ్చుకుని, కింద ఒక శిలువ గీత గీస్తే, నేలా ఇల్లూ ఆయనకి తిరిగి వస్తాయి. ఆయన తర్వాత దొరసానికి, ఆవిడ బతికున్నంతకాలం.

"ఒక్క గీత దొరా," అన్నాడు హామో. ఆయన్ని దొరా అని పిలవడం అదే మొదటిసారి. "నేనే వెళ్ళి అడిగి తెచ్చాను. నా మోకాలు ఈ చలికి ఆగదు. నేను ఊదితే ఇక్కడ కుక్క కూడా లేవదు. ఇల్లు మీరు తీసుకోండి. దొరసాని తన పిల్లల దగ్గరుంటుంది."

నా దగ్గర సిరా ఉంది. ఈకకలం ఉంది. రెండూ ఆయన పక్కన పెట్టాను. ఆయన వాటిని చూడలేదు. దొరసాని వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు?" అంది ఆవిడ. లేచి వచ్చి ఆయన మీద కప్పిన దుప్పటి అంచు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఆ రోజు ఆరేసిందే ఇది. వాసన చూడు. ఇంకా పోలేదు."

ఆయన కళ్ళు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు. తర్వాత హామోతో అన్నాడు. "మోకాలికి మేకకొవ్వు రాయి. వెచ్చచేసి. ఆ పత్రం గున్నిల్డ్ అవ్వకివ్వు, పొయ్యి రాజేసుకుంటుంది."

హామో తల వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు. వెళ్తూ, చలిగా ఉందని, తన వెనక తలుపు దగ్గరగా వేశాడు.

నేను తైలం తీసి ఆయన నుదుటి మీద రాశాను. అడగడం నా ధర్మం కాబట్టి అడిగాను. రాజు మాటకి ఎదురు నిలిచినందుకు దేవుణ్ణి క్షమించమని అడుగుతారా అని.

"నా పాపాలన్నీ నిన్న చెప్పాను గురువూ. ఇది అందులో లేదు." ఊపిరి కోసం ఆగాడు. "నువ్వు నా పక్కనే ఉన్నావు కదా. చెప్పు. ఆ రోజు ఎండేనా?"

"ఎండే దొరా," అన్నాను. "నా నీడ నేను చూసుకున్నాను."

ఆ పెదవి మెల్లగా విడిపోయింది. ఈసారి అది నవ్వని తెలియడానికి నాకు సమయం పట్టలేదు. ఆయన చూపు నా భుజం మీదుగా హామో మూసివెళ్ళిన తలుపు దగ్గర ఆగింది.

"ఆ తలుపు కూడా తీసి పెట్టు గురువూ," అన్నాడు. "తీసుకుపోయేవాళ్ళు ఎటు నుంచి వస్తారో."